అమెరికాలో నడిచి ఆడే చవక గోల్ఫ్ కోర్సు ఎట్ల పట్టుకోవాలి: అనంతపురం నుంచి నా అనుభవం

మా అనంతపురంలో గోల్ఫ్ కోర్సు లేదు. ఆడాలంటే పై ఊరికి పోవాల్సిందే, పోయిన ప్రతిచోటా కొత్తవాడిగా కౌంటరు ముందు నిలబడాల్సిందే. అందువల్ల కోర్సు వెతకడంలో చేయి తిరిగింది. ఆట సంగతి మాత్రం అడగొద్దు. కొడుకో కూతురో అమెరికాలో ఉండి, ఎండాకాలం రెండు మూడు నెలలు అక్కడ గడిపి వచ్చే నాబోటివాళ్లు ఇప్పుడు మా తట్టు చాలామందే ఉన్నారు. కార్ట్ (కోర్సులో తిరిగే చిన్న మోటారు బండి) ఎక్కకుండా, సంచీ భుజాన వేసుకుని నడుస్తూ, పిల్లల జేబుకు చిల్లు పెట్టకుండా ఆడుకునే కోర్సు కావాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. నేను ఎక్కువగా షికాగోలో చూసిందే చెప్తాను. పద్ధతి మాత్రం ఏ ఊరికైనా ఒకటే.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. మన దేశంలో నడక సమస్యే కాదు. క్యాడీ సంచీ మోస్తాడు, మనం చేతులూపుకుంటూ పోతాం. కష్టమంతా గేటు దగ్గరే. చాలాచోట్ల క్లబ్బు మెంబరు ఎవరైనా వెంటబెట్టుకుని పోవాలి, లేదంటే హాండీక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె) సర్టిఫికెట్ చూపించాలి. అమెరికాలో ఇది తలకిందులు. ఊరి కార్పొరేషన్‌దో కౌంటీదో అయిన కోర్సులోకి ఎవరైనా డబ్బు కట్టి పోవచ్చు, హాండీక్యాప్ ఎంతని అడిగే నాథుడు ఉండడు. అక్కడ చిక్కు నడకతోనే. చాలా కోర్సులను కార్టు నడుపుకుంటూ పోయేవాళ్లను దృష్టిలో పెట్టుకుని కట్టారు. కాబట్టి వెతుకులాట ధరతో మొదలుపెట్టకూడదు, నేల చూసి మొదలుపెట్టాలి.

కోర్సు పొడవు చూసి నడక అంచనా వేస్తే మోసపోతాం. స్కోర్ కార్డు మీద 6,000 గజాలు అని ఉంటే అది పద్దెనిమిది హోల్స్‌కు టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి గ్రీన్ (గుంత ఉండే నున్నటి గడ్డి) దాకా పొడవులన్నీ కలిపిన లెక్క. అంటే ఐదున్నర కిలోమీటర్లు. ఒక గ్రీన్ మీద ఆట ముగించి, పక్క హోల్ టీ దగ్గరికి నడిచే దూరం అందులో ఉండదు. పాత కోర్సుల్లో ఆ దూరం 30, 40 మీటర్లు. జెండా కర్ర గుంతలో పెట్టి తల ఎత్తితే తర్వాతి టీ కనపడుతుంది. కొన్ని కొత్త కోర్సుల్లో అది 200 నుంచి 300 మీటర్లు. పదిహేడు సార్లు 40 వేసుకుంటే 680 మీటర్లతో పోతుంది. పదిహేడు సార్లు 250 వేసుకుంటే నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. దీనికితోడు, కొట్టిన బంతి కుడికీ ఎడమకీ పోయినప్పుడల్లా దాని వెంట మనం పోయే నడక ఒకటిన్నర, రెండు కిలోమీటర్లు. స్కోర్ కార్డు మీద అవే 6,000 గజాలు, ఒకచోట ఎనిమిది కిలోమీటర్లతో ముగుస్తాయి, ఇంకోచోట పన్నెండుకు తేలతాయి. ఆరుపదులు దాటిన మోకాళ్లకు ఆ నాలుగు కిలోమీటర్లే తేడా.

కోర్సు పుట్టిన ఏడాది చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. అమెరికాలో కార్టులు బాగా వ్యాపించింది 1950ల తర్వాత. అంతకుముందు కట్టిన కోర్సులో ఆటగాడు నడుస్తాడనే లెక్కతోనే హోల్స్ వేశారు. గ్రీన్ పక్కనే టీ పెట్టడం తప్ప వాళ్లకు వేరే దారి లేదు. ఇండ్ల స్థలాలు అమ్ముకోవడానికి మధ్యలో కోర్సు వేసినచోట కథ వేరే. ఒక హోల్ ఒక లైను ఇండ్ల వెనక, ఇంకో హోల్ రోడ్డు దాటి ఇంకో లైను వెనక. అక్కడ నడవడమంటే కాలనీలో ప్లాట్లు చూడ్డానికి పోయినట్టే. పేరులో 'ఎస్టేట్స్', 'రిసార్ట్', 'కంట్రీ క్లబ్' లాంటి మాటలు కనపడితే నేను దాటిపోతా. 'పార్క్', 'మునిసిపల్', 'ఫారెస్ట్ ప్రిజర్వ్' అని ఉంటే ఆగి చూస్తా. పాతది, చిన్నది, చదునైనది, ఊరిది. ఈ నాలుగూ ఉన్నచోట ధర కూడా దానంతటదే తగ్గుతుంది, ఎందుకంటే ఇట్లాంటి కోర్సును పన్ను కట్టే జనం కోసం నడుపుతారు, లాభం కోసం కాదు.

ఆ తర్వాత శాటిలైట్ మ్యాప్. ఈ పనికి ఒక్కో కోర్సుకు పది నిమిషాలు పడుతుంది, ఇంట్లో మంచం మీద కూర్చుని చేసుకోవచ్చు. ఫోన్లో అయితే గూగుల్ మ్యాప్స్‌లో శాటిలైట్ పెట్టి, కోర్సు మీదికి దగ్గరగా పోవాలి. గ్రీన్ అంటే చుట్టూ ఉన్న గడ్డి కంటే లేతగా, నున్నగా, గుండ్రంగానో జీడిపప్పు ఆకారంలోనో కనపడే మచ్చ. దాని పక్కన తెల్లగా, ఇసుక రంగులో ఉండేవి బంకర్లు, అంటే ఇసుక గుంతలు. టీలు చిన్న చిన్న దీర్ఘచతురస్రాలు, ఒకదాని వెనక ఒకటి మూడో నాలుగో వరసగా ఉంటాయి. గ్రీన్ మీద వేలు నొక్కి పట్టుకుంటే పిన్ పడుతుంది, కింద నుంచి పైకి లాగితే 'మెజర్ డిస్టెన్స్' వస్తుంది. తర్వాతి హోల్ టీ మీదికి గుర్తు జరిపి, మీటర్లు కాగితం మీద రాసుకోవడమే. ఏ టీ ఏ హోల్‌దో తెలియకపోతే కోర్సు వెబ్‌సైటులో స్కోర్ కార్డు వెనక ఉండే బొమ్మ పక్కన పెట్టుకోవాలి. పదిహేడూ కొలవాల్సిన పని లేదు, ఆరేడు కొలిస్తే స్వభావం అర్థమవుతుంది. నా కొలత ఇది: సగటు 75 మీటర్ల లోపు ఉంటే సంచీ మోసుకుని పోతా, 75 నుంచి 120 ఉంటే సంచీ పెట్టి తోసుకుపోయే చక్రాల బండి తీసుకుంటా, 120 దాటితే ఆ కోర్సు వదిలేస్తా.

కొలిచేటప్పుడు బూడిద రంగు రిబ్బన్‌లా పారే కార్టు దారిని కూడా గమనించాలి. అది గ్రీన్ దాటాక రోడ్డు కింద సొరంగంలో దూరుతున్నా, ఇండ్ల మధ్య వంపులు తిరుగుతున్నా ఆ చోట ఎంత దూరమో తప్పకుండా కొలవాలి. తొమ్మిదో గ్రీన్ క్లబ్‌హౌస్ దగ్గరికి తిరిగి వస్తుందా లేదా అన్నది రెండో విషయం. వస్తే సగంలో ఆపి ఇంటికి పోవచ్చు, నీళ్లు నింపుకోవచ్చు, బాత్‌రూముకు పోవచ్చు. రాకపోతే ఎండ ముదిరినా, మోకాలు పట్టేసినా పద్దెనిమిదీ నడవాల్సిందే. శాటిలైట్ బొమ్మలో మిట్టపల్లాలు తెలియవు. కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ ప్రో ఉంటే దారి గీసి, 'ఎలివేషన్ ప్రొఫైల్' చూస్తే ఎక్కుడు దిగుడు గీతలా కనపడుతుంది. షికాగోలో ఈ పని అక్కరలేదు. ఊరంతా పళ్లెంలా చదును.

చాలామంది స్లోప్ రేటింగ్ చూసి కోర్సు ఎత్తుపల్లాలనుకుంటారు. అది గుట్టల కొలత కాదు. మామూలు ఆటగాడికి, ఆరితేరినవాడితో పోలిస్తే ఆ కోర్సు ఎంత కష్టమన్నది చెప్పే అంకె అది. 55 నుంచి 155 దాకా ఉంటుంది, 113ను ప్రామాణికంగా తీసుకుంటారు. అమెరికా గోల్ఫ్ సంఘం వెబ్‌సైటులో ఏ కోర్సుదైనా ఉచితంగా చూడొచ్చు. నడకకు పనికిరాకపోయినా, బంతులు ఎన్ని పోగొట్టుకుంటామో అంచనా వేయడానికి పనికొస్తుంది. 130 దాటితే నేను బంతులు డజను పెట్టుకుంటా.

షికాగో విషయానికొస్తే, మనవాళ్లకు బాగా సరిపోయేది రాబర్ట్ ఎ. బ్లాక్ కోర్సు. షికాగో పార్క్ డిస్ట్రిక్ట్‌ది, వారెన్ పార్కులో ఉంటుంది. తొమ్మిది హోల్స్, పార్ (ఆరితేరినవాడికి పట్టే దెబ్బల లెక్క) 33, పొడవు 2,300 గజాల లెక్క. ఇండియా అంగళ్లుండే డెవాన్ అవెన్యూ నుంచి నడిచిపోయేంత దూరం. రెండు గంటల్లో ఆట ముగించి, దోసె తిని, కరివేపాకు కొనుక్కుని ఇంటికి రావొచ్చు. ఇంటిల్లిపాదినీ ఒప్పించడానికి ఇంతకంటే మంచి కోర్సు లేదు. సరస్సు ఒడ్డున సిడ్నీ ఆర్. మారొవిట్జ్ కోర్సు ఉంది, ఊళ్లోవాళ్లు ఇప్పటికీ వేవ్‌ల్యాండ్ అనే పిలుస్తారు. అదీ తొమ్మిదే, కానీ పార్ 36, హోల్స్ పొడుగ్గా ఉంటాయి. రెడ్ లైన్ రైల్లో షెరిడన్ స్టేషన్‌లో దిగితే సుమారు మైలు. మిషిగన్ సరస్సు గాలి లెక్కలో పెట్టుకోవాలి. మే నెలలో మనం ఇక్కడ ఎండకు మాడిపోతుంటే అక్కడ ఆ ఒడ్డున స్వెటర్ లేకుండా నిలవలేం. పద్దెనిమిది కావాలంటే దక్షిణం వైపు జాక్సన్ పార్క్. 1899లో మొదలైంది, పార్ 70, పొడవు తక్కువ, నేల చదును. ఇవి కాక కుక్ కౌంటీ ఫారెస్ట్ ప్రిజర్వ్స్ వాళ్ల కోర్సులున్నాయి. అందులో బిల్లీ కాల్డ్‌వెల్ తొమ్మిది హోల్స్‌ది, చెట్ల మధ్య నీడగా ఉంటుంది.

న్యూయార్క్ పోయేవాళ్లకు బ్రాంక్స్‌లో వాన్ కోర్ట్‌లాండ్ పార్క్ కోర్సు ఉంది. 1895 నాటిది, అమెరికాలో జనానికంతటికీ తెరిచిన మొదటి మునిసిపల్ కోర్సు. 1 నంబరు సబ్‌వే రైలు చివరి స్టేషన్లో దిగి నడిచిపోవచ్చు. లాంగ్ ఐలాండ్‌లో బెత్‌పేజ్ బ్లాక్ పేరు అందరూ చెప్తారు. నడిచి మాత్రమే ఆడాలన్నది అక్కడి నియమం. అది చూసి మురిసిపోయి పోవద్దు. ఆరితేరినవాళ్లకే తప్ప తగదని మొదటి టీ దగ్గరే బోర్డు పెట్టారు. ఆ రాష్ట్రంవాళ్లు కానివాళ్లకు ధర బాగా ఎక్కువ. నడవడానికి వీలున్నంత మాత్రాన మనం నడవగల కోర్సు అయిపోదు. అదే పార్కులో ఇంకా నాలుగు కోర్సులున్నాయి, మన స్థాయికి వాటిలో చూసుకోవాలి.

ఇప్పుడు డబ్బు. కార్పొరేషన్ కోర్సుల్లో తొమ్మిది హోల్స్‌కు నేను కట్టింది 20 నుంచి 40 డాలర్ల మధ్య. రోజును, గంటను బట్టి మారుతుంది. ఈ అంకె మీద వచ్చి పడేవి ఏంటో ముందే విప్పి చూడాలి. మొదటిది, ఊరివాళ్ల ధర వేరు, పైవాళ్ల ధర వేరు. వెబ్‌సైటులో పైన పెద్ద అక్షరాలతో ఉండేది ఊరివాళ్లది. కొడుకు ఆ ఊళ్లో ఉన్నంత మాత్రాన మనకు వర్తించదు, ఆ చిరునామాతో గుర్తింపు కార్డు ఉండాలి. రెండోది, ధరలో కార్టు కలిసి ఉందా లేదా. బుకింగ్ యాప్‌లలో కార్టు బొమ్మ ఉంటే కలిసినట్టే, మనం ఎక్కకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. మూడోది, యాప్ తన వంతుగా మనిషికి రెండు మూడు డాలర్లు వేసుకుంటుంది. కోర్సు సొంత వెబ్‌సైటులోనో ఫోన్లోనో తీసుకుంటే అది మిగులుతుంది. యాప్‌లో 'డీల్' అని తగ్గించి చూపించేవి చాలావరకు ముందే మొత్తం కట్టించుకుంటాయి, వాన పడినా వెనక్కివ్వరు. సీనియర్ ధర గురించి నోరు తెరిచి అడగాలి. కొన్నిచోట్ల 60కి, కొన్నిచోట్ల 62కి, కొన్నిచోట్ల 65కి ఇస్తారు, సాధారణంగా సోమవారం నుంచి శుక్రవారం దాకా. పాస్‌పోర్టు చూపిస్తే పైవాళ్లకూ ఇచ్చినచోట్లున్నాయి, ఊరివాళ్లకే అన్నచోట్లూ ఉన్నాయి.

వీటన్నిటికంటే డబ్బు మిగిల్చేది 'ట్వైలైట్' ధర. మధ్యాహ్నం దాటాక, కోర్సును బట్టి రెండు నుంచి ఐదు గంటల మధ్య మొదలవుతుంది, బాగా తగ్గుతుంది. మనకు సాయంత్రం నాలుగంటే పొద్దు వాలుతున్నట్టు లెక్క. జూన్ నెలాఖరులో షికాగోలో సూర్యుడు మునిగేది ఎనిమిదిన్నరకు. నాలుగింటికి మొదలుపెడితే నడిచి పద్దెనిమిదీ పూర్తి చేయొచ్చు. సెప్టెంబరు నెలాఖరుకు వచ్చేసరికి ఆరున్నర దాటగానే చీకటి, అప్పుడు తొమ్మిదితో సరిపెట్టుకోవాలి. ధర తగ్గిందని చీకట్లో బంతులు వెతుక్కోవడంలో అర్థం లేదు.

ఇంత చూశాక కూడా ఫోన్ చేయకుండా నేను బుక్ చేయను. వెబ్‌సైటులో రాయనివన్నీ ప్రో షాప్‌లో (కోర్సు కౌంటరులో) ఫోన్ ఎత్తిన కుర్రాడికి తెలుసు. నడవడానికి ఎప్పుడైనా వీలుందా, లేక శని ఆదివారాల్లో పన్నెండు దాకా కార్టు తప్పనిసరా అన్నది మొదటి ప్రశ్న. ఇది అడక్కుండా ఒక శివారు కోర్సుకు పోతే, కౌంటరు దగ్గర కార్టు డబ్బు కట్టనిదే కదలనివ్వలేదు. యాప్‌లో మాత్రం నడవొచ్చనే ఉంది. నడిస్తే ధర ఎంత, చక్రాల బండి అద్దెకు ఉందా, ఎంత? ఐదు నుంచి పది డాలర్లు మామూలు. తర్వాత, గ్రీన్లకు ఏరేషన్ ఎప్పుడు చేశారు, ఎప్పుడు చేస్తారు?

ఈ ఏరేషన్ గురించి కాస్త చెప్పాలి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. జనం తొక్కీ తొక్కీ గ్రీన్ కింద మట్టి గట్టిపడి, వేళ్లకు గాలి నీళ్లు అందవు. అందుకని ఏడాదికి ఒకటి రెండుసార్లు యంత్రంతో వేలి లావు గుంతలు పొడిచి, మట్టి గుళికలు పైకి తీసి, ఇసుక చల్లుతారు. మన దగ్గర తవ్వుకోలతో మొక్క మొదలు గుల్ల చేసినట్టే. గడ్డికి మంచిది, ఆటకు నాశనం. బంతి రొట్టెపెనం మీద నీటి చుక్కలా ఎగురుతుంది. పది రోజుల నుంచి రెండు వారాలు అట్లాగే ఉంటుంది. షికాగో లాంటి చల్లటి ప్రాంతాల్లో ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు నెలాఖరు నుంచి సెప్టెంబరు మధ్యలో ఒకసారి చేస్తారు. డల్లాస్ లాంటి వేడి ప్రాంతాల్లో పెరిగే బెర్ముడా గడ్డికి నడి ఎండాకాలంలోనే చేస్తారు. ఆ వారంలో యాప్‌లో ధరలు ఉన్నట్టుండి పడిపోతాయి. కారణం రాయరు. చౌకగా దొరికిందని సంబరపడేముందు ఫోన్ చేసి అడగాలి. ధర సగానికి దిగితే మాత్రం నేను పోతా. పుట్టింగ్ (గ్రీన్ మీద బంతిని గుంతలోకి దొర్లించడం) పాడైనా నడక పాడవదు.

ఫోన్లో అడగాల్సింది ఇంకొకటి, లీగ్ రోజులు. తొమ్మిది హోల్స్ కోర్సుల్లో వారపు రోజుల్లో సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఆఫీసువాళ్ల లీగులు, అంటే పోటీలు నడుస్తాయి. ఏ రోజు లీగ్ ఉందో తెలియకుండా పోతే, ఆరు దాటేదాకా బెంచీ మీద కూర్చోవాలి.

బుకింగ్ తలుపులు చాలాచోట్ల ఏడు నుంచి పద్నాలుగు రోజుల ముందు, పొద్దున్నే ఆరింటికి తెరుచుకుంటాయి. అనంతపురంలో ఉన్నప్పుడే చేసుకోదలిస్తే ఎండాకాలంలో షికాగో ఆరు గంటలంటే మనకు సాయంత్రం నాలుగున్నర. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా ఐదున్నర. అయినా దిగిన మొదటి వారానికి బుక్ చేయొద్దు. ప్రయాణపు అలసటతో పగలు మూడింటికి కళ్లు మూతలు పడుతుంటాయి. ఒంటరిగా పోయేవాళ్లకు ముందస్తు బుకింగ్ అంత అవసరం కూడా లేదు. ముగ్గురు బుక్ చేసుకున్నచోట నాలుగో స్థానం ఖాళీ ఉంటుంది, యాప్ దాన్ని ఒక్కరికి ఇవ్వకపోవచ్చు గానీ స్టార్టర్ (మొదటి టీ దగ్గర ఆటగాళ్లను వరసగా పంపే మనిషి) ఇస్తాడు. వారం మధ్యలో, పదకొండు ప్రాంతంలో పోయి, ఒక్కడినే, నడుస్తాను, ఎవరితోనైనా కలపండి అని చెప్తే పావుగంట నుంచి ముప్పావు గంటలో టీ మీద ఉంటాం. కొత్తవాళ్లతో ఎట్లా అని మనవాళ్లు జంకుతారు. అక్కడ పేరు చెప్పి చేయి కలిపితే అంతే, ఊరూ పేరూ కులం గోత్రం ఎవరూ తీయరు.

భార్యాభర్తలు పోయేటప్పుడు రెండు నియమాలు అడ్డం వస్తాయి. ఒక సంచీలో ఉన్న క్లబ్బులతో (బంతి కొట్టే కర్రలతో) ఇద్దరు ఆడటానికి చాలా కోర్సులు ఒప్పుకోవు, మనిషికొక సంచీ ఉండాలి. ఆడకుండా ఊరికే పక్కన నడుస్తానన్నా కొన్నిచోట్ల కుదరదు. బంతి తగిలితే బాధ్యత ఎవరిదన్నది వాళ్ల భయం. ముందే అడిగితే వారపు రోజుల్లో సర్దుకుంటారు, చెప్పకుండా తీసుకుపోతే మొదటి టీ దగ్గర ఆపుతారు.

క్లబ్బులు ఇక్కడి నుంచి మోసుకుపోవద్దు. విమానంలో వాటిని చేతి సామానుగా రానివ్వరు, చెకిన్‌లో వేస్తే ఊరగాయలకూ పొడులకూ చోటు పోతుంది, ఇంట్లో గొడవ. అక్కడ పాత సామాన్ల దుకాణాల్లో ఒక్కో క్లబ్బు ఐదారు డాలర్లకు దొరుకుతుంది. నియమం ప్రకారం పద్నాలుగు దాకా పెట్టుకోవచ్చు, నడిచేవాడికి ఏడు చాలు: ఒక వుడ్, ఒక హైబ్రిడ్, 5, 7, 9 ఐరన్లు, ఒక శాండ్ వెడ్జ్, పుటర్. ఏడు క్లబ్బులు మూడు కిలోలు, పల్చటి సంచీ కిలో పైన, ఆరు బంతులు, లీటరు నీళ్లు కలిపి ఐదున్నర కిలోలకు మించదు. పూర్తి సెట్టు, పెద్ద సంచీ అయితే పది పదకొండు కిలోలు. సంచీకి రెండు భుజాల పట్టీలు ఉండేట్టు చూసుకోవాలి, ఒంటి పట్టీతో పన్నెండో హోల్‌కు మెడ పట్టేస్తుంది. ఇక్కడి నుంచి తీసుకుపోవాల్సింది బూట్లు మాత్రమే, అవీ కాలికి అలవాటైనవి. ఇనుప ముళ్లవి చాలాచోట్ల రానివ్వరు, ప్లాస్టిక్ ముళ్లవి గానీ గట్టి పట్టున్న వాకింగ్ బూట్లు గానీ సరిపోతాయి. పొద్దున పోయేట్టయితే రెండో జత సాక్సు సంచీలో ఉండాలి. మన పీటీసీ (పోలీస్ ట్రైనింగ్ కాలేజీ) మైదానంలో ఏడాదంతా పొడి నేల మీద నడిచిన కాళ్లకు మంచుతో తడిసిన గడ్డి కొత్త. మూడో హోల్‌కే సాక్సులు నానిపోయి బొబ్బలు లేస్తాయి. పోయేముందు నెల రోజులు అదే మైదానంలో ఆరు కిలోల సంచీ వేసుకుని ఎనిమిది కిలోమీటర్లు నడిచి చూసుకుంటే భుజం సంగతి, మోకాలి సంగతి ఇక్కడే తేలిపోతుంది.

ఆట మొదలయ్యాక చూసుకోవాల్సింది ఒకటే: వెనకవాళ్లను ఆపకూడదు. నడిచేవాళ్లు ఆలస్యం చేస్తారని కార్టులవాళ్లకు ఒక అభిప్రాయం. అది తప్పు, ఆలస్యం బంతి వెతకడంలో వస్తుంది. వెతకడానికి నియమం ఇచ్చేది మూడు నిమిషాలు, అంతకుముందు ఐదుండేది, 2019లో తగ్గించారు. గ్రీన్ చేరేటప్పుడు సంచీని తర్వాతి టీ ఉన్న వైపు దించాలి. ఇవతల దించి పుట్ చేసి, మళ్లీ వెనక్కొచ్చి తీసుకుంటే హోల్‌కు నిమిషం పోతుంది. వాన పడిన మరుసటి రోజు కార్టులు సిమెంటు దారి దిగకూడదంటారు. అప్పుడు కార్టులో ఉన్నవాడు దారి మీద బండి ఆపి, క్లబ్బు చేత పట్టుకుని బంతి దాకా అడ్డంగా నడిచి, మళ్లీ బండి దాకా రావాలి. ఆ రోజు నడిచేవాడే ముందు ముగిస్తాడు. వర్షంతోపాటు ఉరుము వినపడి హారన్ మోగితే మాత్రం ఎక్కడున్నా ఆపి లోపలికి పోవాల్సిందే, చెట్టు కింద నిలబడకూడదు.

మా జిల్లా మనిషికి ఆ కోర్సుల్లో ఒకటి మింగుడు పడదు, నీళ్లు. పద్దెనిమిది హోల్స్‌కు నూట ఇరవై, నూట యాభై ఎకరాల గడ్డి, ఎక్కడ చూసినా స్ప్రింక్లర్లు. ఎండిన బోరు దగ్గర వేరుశనగ రైతు ఆకాశం చూసే జిల్లా నుంచి పోయి ఇది చూస్తే మొదటి రోజుల్లో మనసు ఆట మీద నిలవదు. చిన్న పాత కోర్సుల్లో ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కీ మధ్య కోసిన గడ్డి) ఎండాకాలంలో కొంచెం పసుపు తిరిగి ఉంటే నాకు అదే నయమనిపిస్తుంది. గట్టి నేల మీద బంతి కూడా దూరం దొర్లుతుంది.

మన దేశంలో ఇట్లా డబ్బు కట్టి నేరుగా పోగలిగిన చోట్లు తక్కువ. ఢిల్లీలో లాడో సరాయ్ దగ్గర ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ నడిపే కుతుబ్ గోల్ఫ్ కోర్సు అట్లాంటిది, పద్దెనిమిది హోల్స్. వాళ్లదే భలస్వాలో ఇంకొకటి ఉంది. బెంగళూరులో 1876 నాటి బెంగళూరు గోల్ఫ్ క్లబ్బుకు గానీ, దొమ్మలూరు వైపు కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ కోర్సుకు గానీ మెంబరు తోడు ఉంటేనే పని సులువు. హైదరాబాదులో గోల్కొండ నయా ఖిల్లా దగ్గరి కోర్సుకు పోయేముందు ఫోన్ చేసి, బయటివాళ్లను ఏ రోజు, ఏ గంటకు తీసుకుంటారో అడగాలి. మన దగ్గర గ్రీన్ ఫీజు ఎంతని అడిగితే సరిపోదు. క్యాడీకి ఎంత, మెంబరు కానివాళ్లకు వేరే ఎంట్రీ ఉందా, అద్దె క్లబ్బులు ఉన్నాయా అని విడివిడిగా అడిగి కూడుకోవాలి. క్యాడీ డబ్బు క్లబ్బు రసీదులో ఉందో, చేతికివ్వాలో కూడా అప్పుడే తేల్చుకుంటే పద్దెనిమిదో గ్రీన్ దగ్గర మొహమాటం ఉండదు.

తిరిగొచ్చేముందు క్లబ్బుల మట్టి తుడిచి, పట్టులు సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టి, సంచీని గ్యారేజీలో కాకుండా ఇంటి లోపల అలమారలో పెట్టమని మావాడికి చెప్పి వస్తా. అక్కడి చలికాలం గ్యారేజీలో రబ్బరు పట్టులు బిగుసుకుపోయి, ఏడాది తర్వాత చేతిలో జారతాయి. ఆ సంచీ జేబులోనే కొలిచిన మీటర్ల కాగితం ఉంటుంది, కోర్సు పేరు, సగటు దూరం, ట్వైలైట్ మొదలయ్యే గంట, లీగ్ రోజు రాసి.